ఏ విశ్వవిద్యాలయంలో చేర్చాలి?
(శతాబ్ది ఉత్సవాలలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసం)



నన్ను విద్యను గురించి మాట్లాడమన్నారు. విద్య అనేది చాలా పెద్ద మాట. ఇరవై నిమిషాలలో దానిని గురించి గంభీరంగా మాట్లాడవచ్చు గాని, ఇంటికి వెళ్లిన తరువాత మీ చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి అధ్యక్షులవారి అనుమతితో నేను ఒక చిన్న ప్రశ్నకే పరిమితమవుతాను. రెండు పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల నుంచి సీటు వచ్చినప్పుడు ఏది తీసుకోవాలి? ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి గనుక, నా మాటలలో లెక్కలు ఎక్కువగా ఉంటే మన్నించాలి.

మన తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. మిషను బడి ఒకటుంటే అందులో చేరారు, లేకుంటే పశువుల వెంట వెళ్లారు. మా తరానికి అనంతపురం ఆర్ట్స్ కాలేజీ ఒక్కటే లోకం. 1916లో పుట్టిన ఆ కాలేజీలో చదివిన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి అయ్యారని చెప్పుకొని గర్వించేవాళ్లం. ఇవాళ మన పిల్లలకు ఎంచుకోవడమనే బాధ వచ్చింది. ఇది దేవుడిచ్చిన మేలే. కాని ఎంచుకోవడం మనం ఎక్కడా నేర్చుకోలేదు.

మొన్న మే నెలలో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఐదెకరాల మెట్ట, ఒక బోరు, అదీ అరకొర నీళ్లు. కూతురికి అమరావతిలోని విఐటి-ఏపీ నుంచి ఒక ఉత్తరం, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ నుంచి మరొక ఉత్తరం వచ్చాయి. రెండూ బల్లమీద పెట్టి ఆయన అడిగినది ఒక్కటే: "సార్, ఈ రెండిట్లో యాది పెద్దది? పెద్దదాంట్లోనే చేరుస్తాం."

ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే దానికి జవాబు చెప్పినా ఆయన సమస్య తీరదు. ఎందుకో మనవి చేస్తాను.

ఈ రెండు పేర్లూ తమిళనాడు నుంచి వచ్చినవే. వేలూరు అనగానే మనకు మిషను ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. మనలో ఎంతమందిమి కాట్పాడి స్టేషనులో రోగిని దించి ఆటో ఎక్కించుకోలేదు! అదే వేలూరులో 1984లో జి. విశ్వనాథన్‌గారు ఇంజనీరింగ్ కాలేజీ స్థాపించారు. అది 2001లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై విఐటి అయింది. చెన్నైకి దక్షిణాన కాట్టాన్‌కుళత్తూరులో 1985లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 2002లో డీమ్డ్ హోదా పొందింది, అది ఎస్‌ఆర్‌ఎం. మన రాష్ట్రం 2016లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసిన తరువాత, 2017లో ఈ రెండు సంస్థలూ అమరావతిలో, ఒకటి ఐనవోలు వద్ద, రెండవది నీరుకొండ వద్ద, తలుపులు తెరిచాయి. ఒకదాని నుంచి మరొకదానికి కొద్ది కిలోమీటర్ల దూరమే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అమరావతిలోనివి చట్టరీత్యా వేరే విశ్వవిద్యాలయాలు. పట్టామీద విఐటి-ఏపీ అనే ఉంటుంది గాని వేలూరు విఐటి అని ఉండదు. ఎస్‌ఆర్‌ఎం విషయమూ అంతే. కేంద్ర ప్రభుత్వం ప్రతి సంవత్సరం ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో 2024లో ఇంజనీరింగ్ విభాగాన విఐటికి 11వ స్థానం, ఎస్‌ఆర్‌ఎంకు 13వ స్థానం వచ్చాయి. ఈ అంకెలు చూపించి మనవాళ్లు వాదించుకుంటారు. అవి వేలూరువి, కాట్టాన్‌కుళత్తూరువి. అమరావతి సంస్థల సంగతి వాటి పేరుమీదనే విడిగా చూసుకోవాలి. అదిగాక పదకొండుకు, పదమూడుకు మధ్య ఉన్న తేడా ఒక పిల్ల జీవితంలో ఏపాటిది? క్లాసులో పదకొండవ ర్యాంకు వాడికీ, పదమూడవ ర్యాంకు వాడికీ తేడా చెప్పమంటే ముప్పై ఏళ్ల అనుభవంతో నేను చెప్పలేను.

పేరు చూసి సీటు తీసుకోవడం, అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోట బోరు వేయించడం లాంటిది. పడితే పడింది, పడకపోతే రెండవ బోరు, మూడవ బోరు. మన జిల్లాలో ఆ మూడవ బోరుకు ఎన్ని పుస్తెలు పోయాయో నేను చెప్పనక్కరలేదు.

మరి చూడవలసినది ఏమిటి? నా ఉద్దేశంలో మొదటిది, అది ఏ రకం సీటు అన్నది. ఒకే బెంచీమీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే ఫీజు కడుతున్నారని అనుకోకండి. వేలూరు విఐటిలో ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఫీజుకు ఐదు తరగతులున్నాయి. ఇటీవలి సంవత్సరాలలో కంప్యూటర్ సైన్సుకు మొదటి తరగతివారు ఏడాదికి రెండు లక్షల లోపు కడితే, ఐదవ తరగతివారు ఐదు లక్షలకు దగ్గరగా కట్టారు. పాఠం ఒకటే, పట్టా ఒకటే. మన రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో 35 శాతం సీట్లు ఈఏపీసెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటాలో నింపే పద్ధతి 2021 నుంచి వచ్చింది. ఆ సీటు వేరు, సంస్థ సొంత పరీక్షతో ఇచ్చే సీటు వేరు. కన్వీనర్ సీటుకు ఫీజు ఎంత, ప్రభుత్వం తిరిగి చెల్లించేది ఎంత, ఆ డబ్బు ఆలస్యమైతే మధ్యలో ఎవరు కట్టాలి? ఈ మూడూ కాగితంమీద రాయించుకోండి. ఫోనులో తియ్యగా మాట్లాడే అబ్బాయి చెప్పిన మాట కాగితం కాదు.

ఆ తండ్రి దగ్గరున్న రెండు ఉత్తరాలలోనూ నేను మొదట వెతికింది ఇదే. రెండూ సొంత పరీక్ష సీట్లే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఇంకా మొదలే కాలేదు. ఆ అమ్మాయి ర్యాంకుకు అదే విశ్వవిద్యాలయంలో కన్వీనర్ సీటు వచ్చే అవకాశముందేమో చూడకుండా ఎలా నిర్ణయిస్తారు? ఈ మాట ఆయనతో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క. లెక్క కోసమే అనుకుందాం: ఏడాదికి ఫీజు 3 లక్షలు, హాస్టలు, భోజనం కలిపి లక్షా పాతికవేలు. నాలుగేళ్లకు 17 లక్షలు. హాస్టలు ఖర్చు 5 లక్షలు ఇంటినుంచి పెట్టుకొని, ఫీజు 12 లక్షలు బ్యాంకు అప్పు తెచ్చారనుకోండి. వడ్డీ నూటికి ఏడాదికి పది. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక సంవత్సరం గడువు. అప్పటికి వడ్డీ 4 లక్షల 20 వేలు చేరి, బాకీ 16 లక్షల 20 వేలవుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 21,400 రూపాయలు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేలమందిని ఒక్కసారిగా తీసుకునే కొలువులలో ఆరంభ జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. నెలకు చేతికి వచ్చేది పాతికవేల చిల్లర. అందులోంచి 21,400 పోతే బెంగుళూరులో ఆ పిల్ల ఏం తిని బతకాలి?

ఉద్యోగాల విషయంలో "ఒకరికి అరవై లక్షల జీతం వచ్చింది" అని బోర్డులు కడతారు. వచ్చి ఉండవచ్చు. నాకు కావలసినది ఆ ఒక్కడు కాదు, వరుసలో మధ్యన నిలబడినవాడు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా తమ విద్యార్థుల మధ్యస్థ జీతం, చేరినవారి సంఖ్య, ఉద్యోగాలలో కుదిరినవారి సంఖ్య తన వెబ్‌సైటులో పెట్టాలి. మీ పిల్లలకు సెల్‌ఫోన్ ఉంది కదా, అది తీసి చూపించమనండి. సినిమా పాటకన్నా తొందరగానే దొరుకుతుంది.

మన నేలను గురించి ఒక మాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన. బుడ్డలు జూన్, జూలైలో విత్తుతాం, అక్టోబరు తరువాత గాని డబ్బు కళ్లచూడం. విశ్వవిద్యాలయం ఫీజు గడువు సరిగ్గా విత్తనం అదనులోనే వస్తుంది. విత్తనకాయలకు డబ్బు లేని నెలలో లక్షన్నర కట్టమంటే రైతు ఎక్కడికి పోతాడు? నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి పోతాడు. అంటే ఏడాదికి ఇరవైనాలుగు. పైన చెప్పిన బ్యాంకు లెక్క అక్కడ పనికిరాదు, అంతా తలకిందులవుతుంది. అందుచేత రెండు విశ్వవిద్యాలయాలనూ అడగవలసిన ప్రశ్న: ఫీజు ఎన్ని వాయిదాలలో, ఏ నెలల్లో కట్టనిస్తారు? డిసెంబరులో రెండవ వాయిదా తీసుకునే సంస్థ, రెండు స్థానాలు కిందనున్నా, మనకు పైనున్న సంస్థే.

బ్యాంకు అప్పును గురించి తెలియక చాలామంది వడ్డీవ్యాపారి దగ్గరికి వెళుతున్నారు. విద్యారుణం నాలుగు లక్షల వరకు సాధారణంగా ఏ ఆస్తీ హామీగా అడగరు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. పొలం చూపిస్తామంటే బ్యాంకులు వెనకాడతాయి, ఎందుకంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని వారు స్వాధీనం చేసుకోలేరు. ఇది తెలియక మేనేజరుగారిమీద కోపపడి లాభం లేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి అనే పథకాన్ని ఆమోదించింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ స్థానాలను బట్టి ఎంపికైన సంస్థలలో చేరినవారికి హామీ, పూచీ లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పుమీద, చదువు కాలంలోనూ తరువాతి గడువులోనూ మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే అది ఏడాదికి లక్షమందికే. నాలుగున్నర లక్షల లోపు ఆదాయంతో సాంకేతిక, వృత్తి విద్యలు చదివేవారికి ఆ కాలపు వడ్డీ పూర్తిగా ప్రభుత్వమే భరించే ఏర్పాటూ ఉంది. కాని మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి విద్యాలక్ష్మి వర్తించదు. జాబితాలో మీరు చేరబోయే సంస్థ పేరే ఉందా, దాని అన్నగారి పేరు ఉందా అన్నది కూడా చూసుకోవాలి.

ఇంకొక బాధ. రెండుచోట్లా సీటు పోకూడదని రెండుచోట్లా అడ్వాన్సు కడతారు. యూజీసీ 2018 అక్టోబరు ఉత్తర్వు ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు ముందుగా మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలి. తరువాత క్రమంగా 90, 80, 50 శాతాలు. చివరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే హక్కు ఏ సంస్థకూ లేదు. మానుకునేటప్పుడు ఆ ఉత్తర్వు ప్రతిని దరఖాస్తుకు జతచేయండి.

ఇంతసేపూ డబ్బు మాటలే చెప్పాను, చదువు మాట చెప్పలేదని కొందరు అనుకోవచ్చు. ఆ అమ్మాయిని నేను ఒక ప్రశ్న అడిగాను: "నీకేం చదవాలనుంది తల్లీ?" తండ్రి ముఖం చూసి, తరువాత మెల్లగా, "ఎలక్ట్రానిక్స్ సార్" అంది. ఆ ఉత్తరాలు రెండూ కంప్యూటర్ సైన్సువే! పేరు కోసం బ్రాంచి మార్చుకున్నారు. ఎలక్ట్రానిక్స్‌కు మన ఊరి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉండనే ఉంది. 1946లో మొదలైన కాలేజీ. ఇంటినుంచి క్యారియరు కట్టుకొని వెళ్లి రావచ్చు. దానిని ఎవరూ బల్లమీద పెట్టలేదు, ఎందుకంటే అక్కడినుంచి రంగుల ఉత్తరం రాదు. ప్రభుత్వ కాలేజీయే మేలని నేను అనడం లేదు. ప్రయోగశాలలు, హాస్టళ్లు, ఉద్యోగాల ఏర్పాట్లు ఈ ప్రైవేటు సంస్థలలో బాగున్నాయని చూసివచ్చినవారు చెబుతారు, నేనూ నమ్ముతాను. రెండింటి మధ్య ఎంచుకొనేటప్పుడు మూడవదానిని కూడా బల్లమీద పెట్టి చూడమంటున్నాను, అంతే.

నన్ను సూటిగా అడిగితే, బ్రాంచి పిల్ల కోరినదై, కన్వీనర్ సీటు వస్తే ఆ రెండింటిలో ఏదైనా సంతోషంగా చేర్చండి. హామీ కోసం పొలంమీద చేయి వేయవలసి వస్తే రెండూ వద్దు.

గుంతకల్లు నుంచి నంద్యాల, మార్కాపురం మీదుగా గుంటూరుకు రైళ్లున్నాయి. ఏ సీటుకైనా డబ్బు కట్టకముందు పిల్లను వెంటబెట్టుకొని ఒకసారి వెళ్లి, రెండు ఆవరణలూ ఒకే రోజు చూసి రండి. ఆఫీసు గదిలో కాదు, హాస్టలు భోజనశాలలో కూర్చొని రెండవ సంవత్సరం చదివే మన రాయలసీమ పిల్లలతో మాట్లాడండి.

వచ్చే మూడు ఆదివారాలు ఆరాధన ముగిసిన తరువాత నేను, బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సంఘ సోదరులు ఇద్దరు, సండేస్కూలు గదిలో కూర్చుంటాం. ర్యాంకు కార్డు, ఆదాయ ధ్రువపత్రం, వచ్చిన ఉత్తరాలు పట్టుకొని రండి. పిల్లలను కూడా తప్పక తీసుకురండి.