మడత ఎత్తి చూడండి

కోడూరు నుంచి, నాగాయలంక నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చి వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు నమస్కారం. పిల్లలూ, నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు.

నేను కాన్పుల డాక్టర్ని. బందరు, గుడివాడ, అవనిగడ్డ, ఈ మూడు ఊళ్ళ మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఎన్ని సిజేరియన్లు చేశానో లెక్కపెట్టుకోలేదు గానీ, ఒక గాయాన్ని మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళు. దివిసీమ నుంచి వచ్చిన మనిషి, 94 కిలోలు, రెండో కాన్పు. ఆపరేషన్ సాఫీగా జరిగింది. రోజూ ఆమె మంచం దగ్గర ఆగేదాన్ని. జ్వరం చార్టు చూసి "బాగున్నావామ్మా" అంటే "బాగానే ఉందండీ" అనేది. పైకి కనిపించినంత మేర కట్టు పొడిగానే ఉంది. పొట్ట మడత ఎత్తి కుట్ల చివరిదాకా చూడలేదు. ఆరో రోజు ఇంటికి పంపించాను. పదకొండో రోజు తిరిగొచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. ఒక పక్క కుట్లు విడిపోయి, నాలుగు వేళ్ళ పొడవున చీము. నొప్పికి కాదు, సిగ్గుకి ఏడ్చింది. "నా ఒళ్ళే ఇలాంటిది కదండీ, అందుకేనేమో అనుకున్నాను" అంది. తప్పు నాది. దాన్ని ఆమె తన ఒంటి మీద వేసుకుంది.

కొవ్వు పొరకు రక్తనాళాలు తక్కువ. రక్తం సరిగా అందనిచోట ఆక్సిజన్ తక్కువే, మనమిచ్చే యాంటీబయాటిక్ కూడా పలచగానే చేరుతుంది. పొర మందంగా ఉంటే లోపల ఖాళీ మిగిలి నీరు చేరుతుంది. పైన మడత, కింద చెమట, దానికి తోడు మన బందరు ఉక్కపోత. అందుకే కోతకు ముందు గంటలోపే ఆ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి. బరువు 120 కిలోలు దాటితే సెఫజోలిన్ 2 గ్రాములు కాదు, 3 ఇవ్వాలి. కొవ్వు 2 సెంటీమీటర్లు మించితే ఆ పొరనూ కుట్టాలి. ఇవి డాక్టర్ల పనులే, అయినా మేం మరిచిపోతే మొహమాటపడకుండా గుర్తుచేయండి. ఖరీదైన వాక్యూమ్ కట్టు వేస్తే సరిపోతుందని కొందరు ఆశపడ్డారు. 1,600 మందికి పైగా ఊబకాయం ఉన్న బాలింతల మీద అమెరికాలో పరీక్షించి, మామూలు కట్టు కంటే అది ఇన్ఫెక్షన్లను తగ్గించలేదని 2020లో తేల్చారు.

ఇలాంటి మనిషి ఎప్పుడో ఒకరు వస్తారులే అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. స్త్రీలలో నూటికి 36 మంది ఉండాల్సిన బరువు కంటే ఎక్కువే ఉన్నారు.

ఇప్పుడు కాస్త కోప్పడతాను. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని మీ అమ్మమ్మ అంటే వింటాను. ఇన్నేళ్ళు చదివిన మీరు వార్డులో అదే మాటంటే ఊరుకోను. గాయం అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. "లావుగానే ఉందిగా, ఒంట్లో నిల్వ ఉందిలే" అంటారు. నిల్వ ఉన్నది కొవ్వు తల్లీ, గాయం అడిగేది అది కాదు. లావుపాటి మనిషికీ రక్తం తక్కువ ఉండొచ్చు. కారప్పొడి అన్నం పెట్టి, మంచినీళ్ళు కూడా కొలిచి పోసే ఇళ్ళు నేను చూశాను. అత్తగారితో పోట్లాడకండి. షుగర్ లేకపోతే ఆవిడ పెట్టే కాయం తిననివ్వండి, పక్కన గుడ్డు పెట్టించండి. దివిసీమలో చేపకు కరువా? నడుంకట్టు మాత్రం తడి కుట్ల మీద బిగించనివ్వకండి.

చీము చాలావరకు ఇంటికి వెళ్ళాకే బయటపడుతుంది. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ గుమ్మం ముందు దింపి వెళ్ళిపోతుంది. ఏడో రోజు నుంచి ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూకం వేస్తుంది. తల్లి కుట్లు ఎవరు చూస్తారు? ఆమెకు కనిపించవు, పొట్ట అడ్డం. ఇంకొకరికి చూపించడానికి సిగ్గు. ఎదురుమొండి లాంటి లంకలో ఉంటే ఏరు దాటి రావాలి. రేపు పల్లె క్లినిక్కుల్లో చేరే మీరే చూడాలి. చేతులు కడుక్కోండి, తెర లాగండి, "అమ్మా, ఒకసారి కుట్లు చూస్తాను" అని అడగండి. మడత ఎత్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి. ఎరుపు, గట్టితనం, కారే నీరు, వాసన ఉన్నాయేమో గమనించండి. ఒంటి గురించి ఒక్క మాట అనకండి.

ఆ దివిసీమ మనిషికి గాయం పూర్తిగా మానడానికి 40 రోజులు పట్టింది. చివరిరోజు చేతి అద్దం పట్టి చూపించాను. చాలాసేపు చూసుకుని "ఇంతేనాండీ" అంది. అప్పటినుంచి నా సంచిలో అద్దం ఉంటోంది. వార్డు సామాన్ల జాబితాలో అద్దం రాయరు, మీరే ఒకటి కొనుక్కోండి. ఒకరికి చూపించాక ఇంకొకరి దగ్గరికి వెళ్ళేముందు స్పిరిట్‌తో తుడవండి.