నొప్పి లేని గడ్డను నమ్మవద్దు
(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పాల సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం, దాణా ధర గురించి కాక ఈ పూట మీ ఒంటి సంగతి మాట్లాడదామని వచ్చాము. మగవారు లేచి పోనక్కరలేదు. అరుదుగానైనా ఈ జబ్బు వారికీ వస్తుంది.

బర్రె పొదుగును మీరు రోజూ రెండు పూటలా తడుముతారు. ఒక చన్ను గట్టిపడినా, పాలు విరిగినట్లు కనబడినా పొదుగువాపేమోనని వెంటనే పశువుల డాక్టరుకు కబురు పెడతారు. అదే చెయ్యి మీ రొమ్ము మీదికి పోదు. సిగ్గు ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. పొదుగువాపు నొప్పి పెడుతుంది, బర్రె తన్నుతుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. నొప్పి లేదు గదా అని ఊరుకుంటే చంకకు, అక్కడినుంచి ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకుతుంది. మన దేశపు స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే క్యాన్సర్ ఇదే.

నెలకొకసారి, ముట్టు మొదలైన వారం పది రోజులకు చూసుకోండి. ముట్లుడిగినవారు పాల బిల్లు వచ్చే ఒక తేదీని గుర్తు పెట్టుకోండి. అద్దం ముందు చేతులు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి చూడాలి. ఒకవైపు ఆకారం మారిందా? చర్మం సొట్టపడిందా, నారింజ తొక్కలా అయిందా? చనుమొన కొత్తగా లోపలికి పోయిందా, నెత్తురు కారుతున్నదా, మానని పుండు ఉన్నదా? తరువాత పడుకొని మూడు వేళ్ల మెత్తని భాగంతో గుండ్రంగా నొక్కుతూ మెడ ఎముక నుంచి చంక దాకా తడమాలి.

దొరికిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఎక్కువ భాగం కావు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరే. ఆకుపసరు కట్టుతో నెలలు గడపవద్దు.

స్వయంగా చూసుకోవడమొక్కటే చాలదు. చైనాలోని షాంఘైలో రెండున్నర లక్షలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశీలన, 2002లో వెలువడింది, ఆ నేర్పు ఒక్కటే మరణాలను తగ్గించలేదని తేల్చింది. ముంబయిలో టాటా ఆసుపత్రి వారు 1998 నుంచి సుమారు లక్షన్నర మందిని గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించగా, యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్లు 2021లో ప్రకటించారు. కాబట్టి ముప్ఫై దాటినవారు ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడిగి పరీక్ష చేయించుకోండి.

అనుమానం వస్తే వరంగల్ ఎం.జి.ఎం.కు గాని, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి గాని వెళ్లవచ్చు. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉన్నది. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఆ రోజు బర్రెను పితికేదెవరన్న ప్రశ్నకు జవాబు వెనుక వరుసలో కూర్చున్న మగవారు చెప్పాలి.