సముద్రం దాటిన నాగలి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో తల్లిదండ్రులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరు తూర్పు పేటలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలకు వలస అనే మాటకు అర్థం నిఘంటువులో వెదకవలసిన పని లేదు. వారి తాత ముత్తాతలు కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు, మహబూబ్‌నగరు ప్రాంతాల నుండి నూలు పోగును నమ్ముకొని నడిచి వచ్చినవారే. 1877లో ఈ ఊరిలో మొదటి బట్టల మిల్లు వెలసింది. ఆ తరువాత తరతరాలుగా తెలుగు కుటుంబాలు ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. పురుషులు చద్దర్లు, తువాళ్ళు నేశారు. స్త్రీలు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టారు. ఆ రెండు సంపాదనల మీదనే పిల్లలు బడికి వచ్చారు.

నేడు ఆ పిల్లల పిల్లలలో కొందరి నోట కొత్త మాట ఒకటి వినవస్తున్నది. "ఒకరి కింద కొలువు ఎందుకు? ఏ దేశమైనా సరే, కాస్త నేల సంపాదించి, తినేది పండించుకొని, ఎవరికీ చేయి చాపకుండా బ్రతుకుదాం" అన్నది ఆ మాట. ఇది హేళన చేయదగిన కోరిక కాదు. ఇది కొత్త కోరిక కూడా కాదు. నూరేళ్ళ క్రిందట ఎన్నో తెలుగు కుటుంబాలు దీనిని నిజం చేసుకున్నాయి. వారి కథ తెలిసి వెళ్ళేవారికి మేలు కలుగుతుంది, వెళ్ళనివారికీ కలుగుతుంది.

పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ అనే ద్వీపసమూహం ఉన్నది. అక్కడి చెరకు తోటలలో పని చేయడానికి భారతీయ కూలీలతో మొదటి ఓడ 1879 మే 14న చేరింది. 1903 నుండి మద్రాసు రేవు గుండా దక్షిణాది వారు వెళ్ళసాగారు. 1916 వరకు వెళ్ళిన సుమారు అరవై వేల మందిలో దాదాపు నాలుగో వంతు వీరే. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. అయిదేళ్ళు పని చేస్తామని వ్రేలిముద్ర వేసిన అగ్రిమెంటు వారి నాలుక మీద "గిర్మిట్" అయింది.

ఆ అయిదేళ్ళ బ్రతుకు సామాన్యమైనది కాదు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు మగవారు గాని, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు గాని తల దాచుకోవాలి. పూర్తి పనికి మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. అప్పగించిన పని పూర్తి కాకపోతే ఆ కూలీ కూడా దక్కదు. పది సంవత్సరాలు గడిస్తే స్వదేశానికి ఉచిత ప్రయాణం లభించేది. అయినా ఎక్కువమంది తిరిగి రాలేదు. వచ్చి చేయడానికి ఇక్కడ వారికి భూమి లేదు. అక్కడ భూమి దొరికే ఆశ ఉన్నది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కూలీలు లేక తోటలు నడవని స్థితి ఏర్పడగా, చెరకు మిల్లులు నడిపే ఆస్ట్రేలియా కంపెనీ తన తోటలను పదేసి ఎకరాల చొప్పున విభజించి కౌలుకు ఇచ్చింది.

ఆ పది ఎకరాలే వారి రాజ్యం. చెరకు మిల్లుకు పోయేది, దాని డబ్బు చేతికి వచ్చేది. మిగిలిన జాగాలో ఇంటికి కావలసిన వరి, కంది, కూరగాయలు పండేవి. దున్నడానికి ఎద్దుల జత, పాలకు ఒక ఆవు, పెరట్లో కోళ్ళు ఉండేవి. పెరటి మునగ చెట్టు, కరివేప మొక్క గృహిణి సంరక్షణలో పెరిగేవి. ఆమె తెల్లవారక ముందే లేచి పాలు పితికి, అన్నం వండి, పొలానికి నడిచి, సాయంకాలం మళ్ళీ పొయ్యి ముందు కూర్చునేది. పగలు బీడీలు చుట్టి రాత్రి వంట చేసిన షోలాపూరు తల్లికి ఆ శ్రమ ఎటువంటిదో వర్ణించి చెప్పనవసరం లేదు.

చెరకు నరికే కాలంలో ఏ రైతూ ఒంటరివాడు కాడు. చుట్టుపక్కల రైతులందరూ ఒక జట్టుగా ఏర్పడి, ఒకరి పొలం తరువాత ఒకరి పొలం కోసుకొనేవారు. స్వయంపోషణ అంటే ఒంటరితనమని భ్రమించేవారు దీనిని గమనించాలి. పడుగు సాగదీయడానికి ఇరుగుపొరుగు చేతులు కావలసిన నేతగానికి ఈ సంగతి ముందే తెలుసు.

అయితే ఈ కథలో వెలుగు ఒక్కటే లేదు. తిండికి ఆ రైతు స్వతంత్రుడే. కాని చెరకు కొనేది ఒకే కంపెనీ. ధర చెప్పేదీ అదే. 1943లో రైతులు గిట్టుబాటు ధర కోసం చెరకు కోయడం మానివేశారు. 1969లో ఈ తగవు బ్రిటిష్ న్యాయమూర్తి డెన్నింగు ప్రభువు ముందుకు వచ్చింది. ఆయన తీర్పు రైతుకు రాబడిలో నూటికి అరవై అయిదు పాళ్ళు చెందాలన్నది. ఆ తీర్పు గిట్టదని కంపెనీ 1973లో దేశం వదలి వెళ్ళింది. మిల్లులు ప్రభుత్వపరమయ్యాయి. నూలు ఇచ్చేవాడు ఒకడు, బట్ట కొనేవాడు ఒకడు అయినప్పుడు మరమగ్గం తనదైనా నేతగాని చేతిలో మిగిలేది ఎంతో ఈ పేటవారు ఎరుగుదురు. పొలమైనా మగ్గమైనా యజమాని కావడం ఒక మెట్టు; సరుకు ధర విషయంలో మాట చెల్లించుకోవడం ఇంకొక మెట్టు.

అంతకంటె పెద్ద చిక్కు నేల విషయంలో వచ్చింది. ఫిజీలో భూమి అత్యధిక భాగం అక్కడి ఆదిమవాసుల ఉమ్మడి సొత్తు. దానిని అమ్మరాదు, కౌలుకు మాత్రమే ఇవ్వవచ్చు. తమ నేల చేజారకుండా వారు కాపాడుకోవడం న్యాయమే. తాత దున్నిన నేల తనదేనని మనవడు అనుకోవడం కూడా సహజమే. 1976 నాటి చట్టం కౌలుకు ముప్పయి ఏళ్ళ గడువు కల్పించింది. 1997 నుండి కౌళ్ళ గడువులు తీరసాగాయి. గడువు పొడిగింపు దొరకని కుటుంబాలు మూడు తరాల చెమట పీల్చిన పొలాన్ని వదలి పట్టణాల అంచున గుడిసెలు వేసుకున్నాయి. అంతకు ముందే, 1987లో జరిగిన సైనిక తిరుగుబాటు తరువాత వేలాది మంది ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడాలకు మరల వలస పోయారు. చెట్టు పెట్టిన చేతికి కాయ కోసే హక్కు కాగితం మీద లేకపోతే ఏమవుతుందో ఈ ఉదంతం తెలుపుతుంది. పరదేశంలో నేల కొనదలచిన యువకుడు మట్టి రంగు చూడడానికి ముందు పత్రం చదవాలి. ఆ నేల మీద అంతకు పూర్వమే ఎవరున్నారో కూడా తెలుసుకోవాలి.

మరి ఆ కుటుంబాలకు చివరికి మిగిలిందేమిటి? 1926లో దక్షిణాది వారు అక్కడ ఒక సంగం ఏర్పరచుకున్నారు. అది గుళ్ళతోపాటు బడులూ కట్టింది. 1941లో తెలుగువారు తమకంటూ దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. కౌలు పొలం చేజారిన ఇంట కూడా బడిలో చదివిన పిల్లవాడు ఉపాధ్యాయుడో, గుమాస్తానో, వైద్యుడో అయి కుటుంబాన్ని నిలబెట్టాడు. గడువు తీరని ఆస్తి అదొక్కటే.

కాని అక్కడ ఒక నష్టమూ జరిగింది. తోటలలో అందరికీ ఉమ్మడి మాటగా ఏర్పడిన ఫిజీ హిందీ క్రమంగా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. నేడు అక్కడి తెలుగు ఇళ్ళలో పేర్లు, పండుగలు నిలిచి ఉన్నా, మాట మాత్రం చాలా చోట్ల అవ్వతోనే వెళ్ళిపోయింది. ఎవరూ దానిని నిషేధించలేదు. పిల్లలతో మాట్లాడడానికి ఇంకొక భాష సులువుగా ఉన్నదని ప్రతి ఇల్లూ అనుకున్నది, అంతే.

మరాఠీ బజారులో, కన్నడం పొరుగున, ఇంగ్లీషు ఆకర్షణ నడుమ ఈ తెలుగు పాఠశాల డెబ్బయి అయిదు సంవత్సరాలు నిలిచింది. ఈ వత్సరాలలో దీనిని నిలిపినది గోడలు కావు. పగలంతా మగ్గం మీద నిలబడి, రాత్రి పిల్లవాని తెలుగు వాచకం చదివించుకొని విన్న తండ్రులు నిలిపారు. వేయి బీడీల కూలీలో నుండి నోటు పుస్తకానికి డబ్బు తీసిపెట్టిన తల్లులు నిలిపారు.

యువతీ యువకులారా! మీలో ఎవరైనా రేపు ఏ ఖండంలోనో నాగలి పట్టవచ్చు. పట్టండి. పత్రం చదవండి, పొరుగువారితో జట్టు కట్టండి, ధర అడిగే ధైర్యం కలిగి ఉండండి. మొదటి పంట ఇంటికి వచ్చిన రోజున, ఆ గింజను ఏమంటారని మీ బిడ్డ అడిగితే తెలుగులో చెప్పండి.

జై హింద్.