మేకలు కుమ్ముకుంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పశుమిత్ర చేసిన ప్రసంగ పాఠం)



టీకాల గురించి, నట్టల మందు గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మన కొట్టాల్లో రోజూ జరిగేదే, ఎవరమూ పెద్దగా పట్టించుకోనిదే ఒకటి చెబుతాను. అది మేకలు కుమ్ముకోవడం. "మేకలన్నాక పోట్లాడుకోవా?" అంటాం. నిజమే. కానీ ఈ ఏడు ఒక ఊళ్లో, స్త్రీనిధి అప్పుతో కొన్న చూడి మేకను కొత్తగా తెచ్చిన పోతు పొట్టలో కుమ్మింది. మేక ఈసుకుపోయింది. కడుపులో రెండు పిల్లలు పోయాయి. కిస్తీ మాత్రం ఆగలేదు కదా!

ముందు, ఎందుకు కుమ్ముకుంటాయో చూద్దాం. మందలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనేది మేకలు తలతోనే తేల్చుకుంటాయి. తేలిపోయాక చాలావరకు సర్దుకుంటాయి. కొత్త మేక వస్తే లెక్క మళ్లీ మొదలు. దాణా తొట్టి ఇరుకైతే గొడవ. పోతు ఎదకొచ్చిన మేక వెంట పడే రోజుల్లో మరీ ఎక్కువ. అంటే సగం పోట్లాటలు మనం ఆపగలిగినవే.

తొట్టి దగ్గర ఒక్కో పెద్ద మేకకు మూరెడు జాగా ఉండాలి. లేకపోతే రెండు చోట్ల పెట్టండి. మండలు ఒకే గుంజకు కాకుండా నాలుగు చోట్ల వేలాడగట్టండి. కొత్త మేకను మూడు వారాలు విడిగా ఉంచండి. పి.పి.ఆర్. లాంటి రోగం ఉంటే ఈలోగా బయటపడుతుంది. ఆ తర్వాత మధ్యలో తడిక పెట్టి నాలుగు రోజులు ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, అప్పుడు కలపండి. మేక చూలు 150 రోజులు. ఆఖరి నెలన్నర చూడి మేకను పోతుకూ, పొగరు మేకకూ దూరంగా ఉంచండి. ఒకవేళ ఈసుకుపోతే ఆ మావిని, పిల్లను ఉత్త చేత్తో ముట్టకండి, లోతుగా పూడ్చండి. దెబ్బ తగలడమే కాదు, మనుషులకు అంటే రోగం కూడా కారణం కావచ్చు. డాక్టరుకు చెప్పాలి.

ఇంకో మాట. పిల్లలు మేకపిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి నెడుతూ ఆడుకుంటారు. ముద్దుగానే ఉంటుంది. కానీ మనిషిని కుమ్మడం దానికి మనమే నేర్పుతున్నట్టు. ఏడాది తిరిగేసరికి ఆ పోతే ముసలమ్మను పడదోస్తుంది. ఆ ఆట మాన్పించండి. కొమ్ము పట్టుకుని లాగడం, కొమ్ముకు తాడు కట్టడం కూడా వద్దు.

ఇక దెబ్బలు. కొమ్ము అంటే గోరు లాంటిది అనుకుంటాం. పైతొడుగు మాత్రమే అలాంటిది. లోపల ఎముక ఉంది, రక్తం ఉంది, నొప్పి ఉంది. కొన పెచ్చు ఊడి రక్తం రాకపోతే భయం లేదు. గరుకు అంచును ఆకురాయితో కొంచెం నున్నగా చేస్తే చాలు. కొమ్ము వెచ్చగా తగిలే చోటి వరకు మాత్రం పోకండి.

తొడుగు ఊడి రక్తం కారుతుంటే శుభ్రమైన పాతగుడ్డ మడిచి పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టండి. మధ్యలో తీసి తీసి చూడొద్దు. రక్తం ఆగాక లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో చుట్టూ కడిగి, పొవిడోన్ అయోడిన్ రాసి, రెండో కొమ్ముకు కలిపి గుడ్డకట్టు కట్టండి. ఆ మేకను మందకు దూరంగా, నీడలో కట్టేయండి.

కొమ్ము మొదట్లో విరిగితే మాత్రం ఇంటి వైద్యం చేయకండి. పెద్ద మేకకు అక్కడ బొర్ర ఉంటుంది, ముక్కు లోపలికి దారి ఉంటుంది. అందులో నీళ్లు, నూనె, పొడి ఏదీ పోయొద్దు. గుడ్డ కప్పి, 1962కు ఫోన్ చేయండి.

పేడ, బూడిద, మట్టి, సున్నం, కిరసనాయిలు ఏ గాయానికీ పెట్టొద్దు. పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి. మేకకు ధనుర్వాతం వస్తే దవడ బిగిసి, కాళ్లు కర్రల్లా అయిపోతాయి. అప్పుడు బతికించడం కష్టం. అందుకే లోతు గాయమైతే ముందే డాక్టరును అడిగి ఇంజెక్షన్ చేయించండి. మనం వేసుకునే నొప్పి బిళ్లలు మేకకు వేయొద్దు. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు ఉన్న కళేబరం తిని రాబందులు చనిపోయాయి.

ఈగలు వాలే కాలంలో గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడాలి. పురుగు పడితే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద గానీ, కర్పూరం కలిపిన కొబ్బరినూనె గానీ పెట్టండి. ఇది పై గాయానికే. కంటికి తగలనీయొద్దు. మానడానికి గాయాల నూనె ఇంట్లోనే కాచుకోవచ్చు. కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి ఒక్కో గుప్పెడు, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు నూరి, అర లీటరు కొబ్బరి లేదా నువ్వుల నూనెలో కాచి, చల్లార్చి రాయాలి.

కుమ్ముకున్న మర్నాడు మేక మేత ముట్టకపోయినా, తల ఒక పక్కకు వాల్చినా, గుండ్రంగా తిరిగినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, కన్ను తెల్లబడినా ఆలస్యం చేయొద్దు. పోట్లాటలో చెవి పోగు ఊడిపోతే వెంటనే సంఘానికి చెప్పండి. బీమా లెక్క ఆ నంబరు మీదే నడుస్తుంది.

చివరగా ఒక కోరిక. ప్రతి గ్రామ సంఘంలో ఒక డబ్బా పెట్టుకుందాం. అందులో అయోడిన్ సీసా, పర్మాంగనేట్, దూది, ఉతికి ఆరేసిన పాతగుడ్డలు, చేతి తొడుగులు ఉంటే చాలు. అది ఎవరింట్లో ఉందో అందరికీ తెలియాలి. రాత్రి పదింటికి కొమ్ము విరిగితే ఏ తలుపు కొట్టాలో తెలిసుంటే, సగం పని అయినట్టే. వచ్చే నెల సమావేశం ఎజెండాలో ఈ విషయం రాసుకుని తీర్మానం చేయాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.