మిగిలిన దినములు



కొన్నేళ్ళ క్రిందట బేగంపేటలో కాన్సరుతో మంచం పట్టిన ఒక సహోదరి కోసం ప్రార్థించడానికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆమె కుమారుడు నన్ను ఆపి, "అయ్యగారూ, జబ్బు సంగతి అమ్మకు తెలియదు. మీరు ఆ మాట ఎత్తకండి" అన్నాడు. అతడు మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే ఆమె మెల్లగా, "నాకంతా తెలుసు అయ్యగారూ. నాకు తెలుసని బాబుకు చెప్పకండి, తట్టుకోలేడు" అన్నది. పొలం తగాదాతో దూరమైన తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. కానీ జబ్బు మాటే ఎత్తకూడని ఇంట్లో ఆ కోరిక ఎలా బయటపెడుతుంది?

యెషయా గ్రంథము 38, 39 అధ్యాయములు చదవండి. మరణము సమీపించినదని విన్న హిజ్కియా రాజు గోడతట్టు తిరిగి ఏడ్చాడు. దేవుడు 15 సంవత్సరములు ఆయుష్షు పెంచాడు. అటు తరువాత బబులోను నుండి దూతలు వస్తే, ఆ రాజు తన వెండి బంగారములు, ఆయుధములు అన్నీ చూపించాడు. ప్రవక్త చేత గద్దింపబడ్డాడు. పొడిగించిన ఆయుష్షు కూడా గొప్పలకు ఖర్చయిపోవచ్చు సుమా!

మరొకరిని చూడండి. నటుడు అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో, సుమారు 90 ఏళ్ళ వయసులో, తనకు కాన్సరు అని విలేఖరులను పిలిచి తానే చెప్పారు. దాచలేదు. 'మనం' చిత్రములో తన పని ముగించారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆయన మన సంఘస్థుడు కాడు, అయినను మనకు పాఠమే. ఆయనకు దొరికినవి సుమారు మూడు నెలలే.

ప్రియులారా, దినములు ఎన్ని అన్నది మన చేతిలో లేదు. వాటితో ఏమి చేస్తామన్నది మన చేతిలో ఉన్నది.

ఆ సహోదరి అనుమతితో కుమారుణ్ణి పిలిచి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. తల్లీబిడ్డలు చాలాసేపు ఏడ్చారు. ఆ రాత్రే తమ్మునికి ఫోను వెళ్ళింది. మరునాడు అతడు వచ్చి అక్క పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె స్వస్థపడలేదు. సమాధానముతో వెళ్ళిపోయింది.

మీ ఇంట్లోనూ ఎవరూ ఎత్తని మాట ఒకటున్నదా? క్షమాపణ అడగవలసినవారు ఉన్నారా? జబ్బు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ రాత్రే మాట్లాడండి. అట్టి ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.