ఆ సగం ఎక్కడి నుంచి వచ్చింది?



నేను సూర్యాపేటలో డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పి రిటైరైనవాడిని. ఒకనాడు, రెండు ప్రమేయాల మొత్తానికి అవధి వాటి అవధుల మొత్తమే అనే సిద్ధాంతం చెబుతున్నాను. అందులో ఎప్సిలాన్ అంటే మనం ఒప్పుకోగల తేడా. "ఎప్సిలాన్‌లో సగం తీసుకుందాం" అనగానే, కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడు లేచి, "సార్, ఆ సగం ముందే ఎలా తెలిసింది?" అన్నాడు. సిలబస్ పూర్తి కావాలన్న తొందరలో, "పరీక్షలో అలాగే రాయి" అన్నాను. ఆ తర్వాత అతడు క్లాసులో మరో ప్రశ్న అడగలేదు.

అదే సిద్ధాంతం కంప్యూటరును కూడా తిప్పలు పెట్టిందని రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. 1956 నాటికే న్యూవెల్, షా, సైమన్‌ల ప్రోగ్రాము తర్కశాస్త్ర సిద్ధాంతాలను నిరూపించింది. అవధుల విషయంలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉడీ బ్లెడ్సో, తన సహచరులు బోయర్, హెన్నెమన్‌లతో కలిసి 1972లో ఒక దారి చూపారు. వారి ప్రోగ్రాము చివరి నుంచి మొదలుపెడుతుంది. చూపవలసిన తేడాలో మనకు తెలిసిన భాగమేది, మిగిలిందేది అని విడదీస్తుంది. తేడాను సగం సగం పంచే ఉపాయం మాత్రం మనుషులే దానికి నేర్పారు.

మిర్యాలగూడ రైసుమిల్లులో వడ్లను రెండు విడతలుగా కాంటా వేశారనుకోండి. మొత్తం మీద కిలోకు మించి తేడా రాకూడదంటే, ఒక్కో తూకంలో తేడా అరకిలో దాటకుండా చూసుకుంటే చాలు. ఆ సగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. చివరి లెక్క నుంచి వెనక్కి నడిస్తే దొరికింది. ఆనాడు కుర్రవాడికి నేను చెప్పవలసిన జవాబు ఇంతే.

2013లో మొదలైన లీన్ వంటి ప్రోగ్రాములు నేడు నిరూపణలో ప్రతి మెట్టునూ తనిఖీ చేస్తున్నాయి. వోచరు లేని పద్దును ఆడిటరు పాస్ చేయనట్టే, కారణం లేని మెట్టును అవి ఒప్పుకోవు. యంత్రంతో "అలాగే రాయి" అంటే కుదరదు. పసివాడితో మాత్రం నేను అనగలిగాను. అదే నా బాధ.

మనవలు, మనవరాళ్లు "ఎందుకు తాతయ్యా?" అంటే విసుక్కోకండి. జవాబు తెలియకపోతే వాళ్లతో కలిసి వెనక్కి నడిచి చూడండి.