జ్వరమొస్తే మేకల సంగతి కూడా చెప్పండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టర్ను కాదు, సైట్ సూపర్‌వైజర్ని. పోయిన ఏడాది హెల్మెట్, సేఫ్టీ బెల్టు గురించి మాట్లాడాను. ఈసారి మేకల గురించి అంటే కమిటీ అన్నలు నవ్వారు.

మనవాళ్లు ఎంతమంది మజ్రాల్లో మేకలు, గొర్రెలు, ఒంటెలు కాస్తున్నారో మీకు తెలుసు. సైట్లో ఉండేవాళ్లం కూడా సెలవు రోజు ఊరివాణ్ణి చూడడానికి అక్కడికే పోతాం. పోగానే ఏమిస్తాడు? అప్పుడే పిండిన పాలు, నురగతో సహా. ఎడారిలో ఒక్కడే ఉండేవాడు చుట్టానికి ఇవ్వగలిగింది అదే. ఇంటి దగ్గర పొంగేదాకా కాచనిదే పాలు ముట్టని మనం, ఇక్కడ మాత్రం పచ్చిపాలు బలం అంటాం.

మా గ్యాంగులో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉన్నాడు. పొద్దున బాగానే ఉండేవాడు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. రాత్రి చెమటతో పరుపు తడిసిపోయేది. నడుము పట్టేసేది, సుత్తి ఎత్తలేకపోయేవాడు. రూంలో వాళ్లు ఎండదెబ్బ అన్నారు. ఒక క్లినిక్‌లో పెనడాల్ ఇచ్చి పంపారు. మూడు వారాలు అట్లాగే గడిచాయి. చివరికి ఇంకో డాక్టర్ అడిగాడు, "మేకల దగ్గరికి పోతావా, పచ్చిపాలు తాగావా" అని. రక్తపరీక్షలో తేలింది. బ్రూసెల్లోసిస్. ఇక్కడివాళ్లు హుమ్మా మాల్టియా అంటారు, అంటే మాల్టా జ్వరం.

ఆ పేరుకు ఒక కథ ఉంది. మాల్టా ఒక చిన్న ద్వీపం. అక్కడి బ్రిటిష్ సైనికులకు ఇదే జ్వరం వచ్చేది. డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టర్ 1887లో దాని క్రిమిని కనిపెట్టాడు. అది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. 1905లో జామిట్ అనే అక్కడి డాక్టర్ మేకల రక్తం పరీక్షించి చూస్తే, పుష్టిగా కనిపించే మేకల్లోనే జబ్బు ఉంది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు, జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. పాలు కాచుకుంటే క్రిమి చస్తుంది. ఇంత పెద్ద జబ్బుకు అంత చిన్న మందు.

పాలొక్కటే కాదు. మేక ఈనేటప్పుడు, ఈసుకపోయినప్పుడు మాయను, ఆ నీళ్లను ఉత్త చేతులతో ముట్టినా అంటుకుంటుంది. చేతికి గాయముంటే మరీ ప్రమాదం. గ్లౌజులు అడగండి, లేకుంటే మందపాటి ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఒంటెలు కాసే తమ్ముళ్లకు ఇంకో మాట. 2012లో సౌదీలో మొదట బయటపడిన మెర్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఒంటెల నుంచి మనిషికి రాగలదు. చీమిడి కారుతున్న ఒంటె మూతి దగ్గర మొహం పెట్టకండి.

ఇంతా చెప్పి మేకల్ని వదిలేయమనడం లేదు. నెలల తరబడి మనిషి మొహం చూడనివాడికి ఆ మందే తోడు. పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూసే మేక లేకుంటే పిచ్చెక్కేదని ఒకన్న నాతో అన్నాడు. నేను నమ్ముతా.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇకామా మీద ఒక పని ఉంటుంది, సెలవు రోజు మజ్రాలో చేసేది ఇంకో పని. బయటపడుతుందన్న భయంతో డాక్టర్ దగ్గర మేకల మాటే ఎత్తం. పనికి పోయానని చెప్పనక్కర్లేదు తమ్మీ. పచ్చిపాలు తాగాను, మేకను ముట్టాను అంటే చాలు. ఈ జ్వరం నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. అప్పటికి నువ్వు లీవు మీద ఊళ్లో ఉంటావు. అక్కడి డాక్టర్ టైఫాయిడ్ అనుకుంటాడు. గల్ఫ్‌లో జీవాల దగ్గర తిరిగానని ఆయనకూ చెప్పు.

మందులు సాధారణంగా రెండు రకాలు కలిపి ఆరు వారాలు వాడాలి. పది రోజులకే జ్వరం తగ్గిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది, వెన్నుపూసలోకి, కీళ్లలోకి దిగితే ఇక బరువు మోసే పని కష్టం. మా కార్పెంటర్ ఆరు వారాలూ మింగాడు. ఇప్పుడు స్లాబు మీద ఉన్నాడు.

భాష రానివాళ్లు మూడు మాటలు ఫోన్‌లో రాసుకోండి. హలీబ్ అంటే పాలు, గనమ్ అంటే మేకలు, గొర్రెలు, జమల్ అంటే ఒంటె. డాక్టర్ ముందు కూర్చోగానే ఆ ఫోన్ చూపించండి.